గిర్ని నూనె, అవ్వ పుంటికూర

బాన్సువాడలో మా గిర్ని వెనక గోడ కింద ఒక తూము ఉండేది. పిల్లి దూరేంత తూము. అడిగి పెట్టించుకుంది పక్కింటి అవ్వ, గడ్డపార పట్టి తవ్వింది మా నాన్న. ఇద్దరూ మంచికే చేశారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఒకరికొకరు చెప్పుకోకుండా కుమిలింది కూడా ఆ ఇద్దరే. సూక్ష్మజీవుల శాస్త్రం ఎందుకు చదివావని ఎవరైనా అడిగితే పెద్ద పెద్ద మాటలు చెప్పాలనిపిస్తుంది గానీ, నిజానికి కారణం ఆ తూమే.

మా వాళ్ళు కోస్తా నుంచి కాలువ నీళ్ళను చూసి వచ్చినవాళ్ళు. పెదనాన్నలు వర్ని వైపు పొలాలు తీసుకుని వరి వేసుకున్నారు. నాన్నకు బురద పడదు. నాట్లప్పుడు గట్టు మీద గొడుగేసుకుని నిలబడే రకం. "వీడు పొలానికి పనికిరాడు" అని పెద్ద పెదనాన్న తేల్చేశాక, అరవై తొమ్మిదిలో బాన్సువాడలో ఒక పాత ఇల్లు తీసుకుని, ముందు గదిలో పిండిమర పెట్టాడు. పిండిమరను అక్కడ గిర్ని అంటారు. ఏడాది తిరక్కుండానే నాన్న కూడా గిర్ని అనడం నేర్చుకున్నాడు. అప్పటికి ఆ వీధికి కరెంటు లేదు. ఆయిల్ ఇంజనుతో నడిచేది. పొగగొట్టం కొసకు ఒక రేకు డబ్బా బోర్లించేవాళ్ళు, అది కుక్ కుక్ అని కూస్తుంటే గిర్ని నడుస్తోందని ఊరికి తెలిసేది. ఆ కూత వినగానే ఆడవాళ్ళు జొన్నల గంపలు నెత్తికెత్తుకుని బయల్దేరేవాళ్ళు. పిండి రేగి నాన్న కనుబొమ్మలు ఎప్పుడూ తెల్లగా ఉండేవి. తర్వాత నిజంగా నెరిసినప్పుడు నాకేం తేడా తెలియలేదు.

గోడకు అటువైపు అవ్వ ఇల్లు. ఇల్లంటే ఒక గది, ముందు చిన్న పంచ, వెనక ఇంటికన్నా నాలుగింతల పెరడు. భర్త పోయాడు, పిల్లలు లేరు. నాట్లకూ కోతలకూ కూలికి పోయేది, మిగతా రోజుల్లో పెరట్లో ఆకుకూరలు పెంచి గంపలో పెట్టుకుని వీధి వీధి తిరిగి అమ్మేది. ఆదివారం మాత్రం గంప ముట్టేది కాదు, తెల్ల చీర కట్టుకుని చర్చికి పోయేది. నాన్న ఆమెను అక్కా అనేవాడు. ఆ లెక్కన నాకు అత్త కావాలి గానీ, వీధంతా అవ్వ అంటుంటే నేనూ అవ్వనే అన్నాను. ఆమెకు లెక్కలతో పని లేదు, ఎవరు ఏమని పిలిచినా పలికేది.

ఆ సంవత్సరం ప్రత్యేక రాష్ట్రం గొడవల వల్ల బడులు ఎక్కువ రోజులు మూసే ఉన్నాయి. అమ్మకు నా ఇద్దరు తమ్ముళ్ళతోనే తెల్లారిపోయేది. నేను పొద్దున లేచింది మొదలు అవ్వ పెరట్లోనే ఉండేదాన్ని. "ఆంధ్రోల్ల పిల్లను నెత్తిన వెట్టుకున్నవేంది" అని ఎవరో ఆమెను దెప్పారు. అవ్వ కలుపు తీస్తూ తలైనా ఎత్తకుండా, "పిల్లకు ఊరేంది? ఆకలైతె వస్తది, బువ్వ తింటది, పోతది" అంది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. బువ్వ మాత్రం బాగా గుర్తుంది, జొన్నరొట్టె ముక్కలు పుంటికూర పప్పులో కలిపి పెట్టేది.

ఇక తూము సంగతి. ఇంజను వేడెక్కకుండా పక్కన డ్రమ్ముతో నీళ్ళు పెట్టేవాళ్ళు. ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన నీళ్ళు వెనక్కి పారి గోడ పక్కన బురదయ్యేవి. నాన్నకు బురద పడదని చెప్పాను కదా, రోజూ విసుక్కునేవాడు. ఒక రోజు అవ్వ గోడ మీదుగా తల పెట్టి అంది.

"తమ్మీ, గా నీళ్ళు ఊకెనే బురదల వోతున్నయి. ఇటు మల్పరాదు, నా కూరకన్న అయితయి."

"వేడి నీళ్ళక్కా, మొక్కలు మాడిపోతాయేమో."

"గోడ దాటి వచ్చేసరికి సల్లగైతయి తీయి."

మరునాడే నాన్న తూము తవ్వాడు. ఆ ఎండాకాలం ఊళ్ళో అందరి పెరళ్ళూ ఎండితే అవ్వ పెరడు పచ్చగా ఉంది. గంప నిండేది. మొదటి కోత పుంటికూర కట్ట గోడ మీదుగా మా ఇంటికి వచ్చింది. అప్పటి నుంచి అది రివాజు అయింది. ఏ కోతలోనైనా మొదటి కట్ట మాది. నాన్న గోంగూర వచ్చిందనేవాడు, అవ్వ పుంటికూర అనేది, ఇద్దరూ గోడకు చెరో పక్క నిలబడి ఆ పేరు మీద కాసేపు వాదించుకునేవాళ్ళు. అమ్మ పచ్చడి నూరితే నాన్న పళ్ళెం నాకేసేవాడు. "నేను సంతలో కొన్నప్పుడు ఈ రుచి ఎక్కడికి పోతుందో, పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా" అని అమ్మ మూతి తిప్పేది.

ఇంజను ముసలిదయ్యాక కారడం మొదలుపెట్టింది. మొదట నీళ్ళ మీద రంగురంగుల తెట్టు కనిపించేది. నాకది అందంగా ఉండేది, తూము దగ్గర కూర్చుని పుల్లతో కెలుకుతూ రంగులు చూసేదాన్ని. తర్వాత తెట్టు నల్లబడింది. నాన్న పనిలో పడి వెనక్కి చూడలేదు. కాలిన నూనె గోడవారనే ఒలకబోసేవాడు, అప్పట్లో అందరూ అదే చేసేవాళ్ళు. తూముకు దగ్గరున్న వరసలో ఆకులు పండుబారాయి. మరుసటి ఏడు ఆ వరసే లేదు. ఆ తర్వాత పక్క మడి పోయింది. మట్టి నల్లగా, జిడ్డుగా, ఎండకు వాసన కొడుతూ తయారైంది. నీళ్ళు పోస్తే ఇంకేవి కావు, తామరాకు మీద పోసినట్టు జారిపోయేవి.

అవ్వ ఒక్క మాట అనలేదు. కట్టలు రావడం మాత్రం ఆగిపోయింది. నాన్న ఒక రోజు సానరాయి అడగడానికి అటు వెళ్ళి, పెరడు చూసి, రాయి సంగతి మర్చిపోయి తిరిగి వచ్చాడు. ఆ సాయంత్రమే తూముకు ఇటుకలు పెట్టి మూసేశాడు. కట్టలు ఆగాయంటే అవ్వకు కోపం వచ్చిందని ఆయన అనుకున్నాడు. చెప్పకుండా తూము మూశాడంటే నీళ్ళు అడిగినందుకు తమ్మికి విసుగొచ్చిందని అవ్వ అనుకుంది. వాసన కొట్టే మట్టిలోంచి వచ్చిన ఆకు ఎట్లా పంపేదని ఆమె ఆపిందట. ఈ సంగతులన్నీ ఆ ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పినవే. వానల గురించీ దవాఖాన గురించీ ఊళ్ళో పెళ్ళిళ్ళ గురించీ మాట్లాడుకునేవాళ్ళు. గోడ వైపు మాత్రం మాట పోనిచ్చేవాళ్ళు కాదు. ఒకసారి నాన్న కూలివాళ్ళను పెట్టి పైమట్టి తీయించి, బండ్లతో చెరువు మట్టి తోలించాడు. ఒక్క వానకాలం బాగుంది. మరుసటి వానకు కింది నూనె మళ్ళీ పైకి ఊరింది. ఆ తర్వాత నాన్న ఆ పెరట్లోకి వెళ్ళడం మానేశాడు.

వీధికి కరెంటు వచ్చింది, ఇంజను పోయి మోటారు వచ్చింది, కుక్ కుక్ కూత పోయింది. నూనె మాత్రం పోలేదు. అవ్వ పెరట్లో సగానికి పైగా నల్లగానే ఉండిపోయింది. గంప సగమే నిండేది. మిగతా సగానికి ఆమె ఆ వయసులోనూ నాట్లకు వంగుతూ ఉండేది. నేను హైదరాబాదులో చదువుతున్నాను. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమె నడుము ఇంకొంచెం వంగి కనిపించేది.

ఎనభైల మొదట్లో నేను ఎమ్మెస్సీలో ఉండగా మా సారు ఒక పాఠం చెప్పారు. బాక్టీరియాలో గుణాలు తల్లి నుంచి బిడ్డకు పోవడమే కాదు, పక్కనున్న దానికి కూడా పోతాయని. ఒక బాక్టీరియా పక్కదాన్ని పట్టుకుని, తనలో ఉంగరంలా చుట్టుకుని ఉండే ఒక చిన్న పోగుకు నకలు తీసి ఇచ్చేస్తుంది. ఆ పోగును ప్లాస్మిడ్ అంటారు. అందులో ఏ విద్య రాసి ఉంటే ఆ విద్య పక్కదానికి వచ్చేస్తుంది. మందుకు చావకుండా ఉండే విద్య కావచ్చు, నూనెను తిని బతికే విద్య కావచ్చు. రెండూ ఒక జాతివి కూడా కానక్కర్లేదు. నూనె తినే గుణాలను ఇట్లా ఒకచోట చేర్చి చూశారని, పాడైన నేలలను అట్లా బాగు చేయవచ్చనే ఆశ ఉందని సారు చెప్పి బోర్డు తుడిచేశారు. అందరూ పుస్తకాలు సర్దుకుంటున్నారు. నేను తూము దగ్గరే కూర్చుండిపోయాను.

దసరా సెలవులకు వెళ్ళినప్పుడు తూము కింది నల్లమట్టి ఒక సీసాలో, అవ్వ పెంటకుప్ప పక్క మట్టి ఒక సీసాలో నింపుకున్నాను. రెండూ ఊరగాయ సీసాలే. ఎల్లారెడ్డి దాటాక బస్సులో వాసన లేచింది. కండక్టరు వచ్చి, "ఏందక్కా గిది, డీజిల్ తీస్కపోతున్నవా" అన్నాడు. మట్టి అన్నాను. సీసా చూసి, నన్ను చూసి, "మట్టి దొరకదా పట్నంల" అని టికెట్టు కొట్టి వెళ్ళిపోయాడు.

తూము మట్టిలో ఏళ్ళుగా నూనెలోనే బతుకుతున్న బాక్టీరియా ఉంటాయని నా ఊహ. నూనె తప్ప ఇంకే తిండీ లేని ప్లేట్ల మీద ఆ మట్టి నీళ్ళు పూస్తే కొన్ని పెరిగాయి. కానీ అవి మెతక జీవులు, అటూ ఇటూ అయితే చచ్చిపోతాయి. పెంట మట్టిలోవి మొండివి, ఎక్కడైనా బతుకుతాయి గానీ నూనె తినలేవు. ఈ మొండివాటికి ఆ విద్య అందాలి. అందిందో లేదో తెలియడానికి ఒక ఉపాయం ఉంది. మొండివాటిని ముందే ఒక మందుకు అలవాటు చేశాను, ఆ మందు తగిలితే మెతకవి చస్తాయి. రెండింటినీ ఒకచోట కలిపి ఉంచి, తర్వాత నూనె మాత్రమే తిండిగా ఉండి, మందు కూడా కలిసిన ప్లేటు మీద పూశాను. అక్కడ మెతకవి మందుకు చస్తాయి, మొండివి ఆకలికి చస్తాయి. ఏదైనా బతికిందంటే అది మొండిదై ఉండాలి, పక్కదాని దగ్గర నూనె తినడం నేర్చుకుని ఉండాలి.

మొదట ఎన్ని ప్లేట్లు పూసినా ఏమీ రాలేదు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఒక ప్లేటు విసిరికొట్టి సారు చేత చీవాట్లు కూడా తిన్నాను. తర్వాత ఒక పొద్దున ఒక ప్లేటు మీద ఆవగింజలంత చుక్కలు కనిపించాయి. ఏడుపొచ్చింది. ఆ గుణాలు నేను చేసినవి కావు, ఆ మట్టిలో ఎవరికీ చెప్పకుండా అవే సంపాదించుకున్నాయి. నేను పక్కపక్కన కూర్చోబెట్టాను, అంతే. వాటిని తిరిగి పెరట్లో వేస్తానంటే సారు, "ఆ మట్టివే కదా, ఆ మట్టికి తీసుకుపో" అన్నారు. ఒక మడికి వేసి ఒక మడికి వేయకుండా వదలమని, అప్పుడే తేడా తెలుస్తుందని మరీ మరీ చెప్పారు.

ఎండాకాలం సెలవులకు సీసాలతో దిగాను. నేను పెంచిన జీవులు ఎక్కడ ఉన్నాయని అవ్వ సీసాను ఎండకు పెట్టి చూసింది. పాలు విరిగిన నీళ్ళలాగా ఉన్నాయంది. పాఠమంతా ఆమెకు అర్థమయ్యేలా చెప్పాను.

"అంటే, దీనికి అది సుట్టం గాదు," అంది.

"కాదు అవ్వా."

"కులం గూడ వేరె."

"అనుకో."

"పక్కనున్నదని ఇచ్చింది, అంతె గద."

"అంతే."

అవ్వ కాసేపు గోడ వైపు చూసింది. "గట్లయితె మనమే గద" అంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "సూడు బిడ్డా, ఈ యేడు గిన మొలవకుంటె ఇగ గంప అటక మీద వెట్టుడే. నా నడుము నాట్లకు వంగదు, సగం పెరడుతోని నాకు ఎల్లదు. నీ మీద ఫికర్ వెడ్తలేను, సంగతి చెప్తున్న" అంది. నేను తల ఊపాను. ప్లేటు మీద ఆవగింజలు మొలిచినంత మాత్రాన పెరడు మొలుస్తుందని ఏమిటి నమ్మకం.

నల్లమట్టిని లోతుగా తిరగేసి రెండు మడులు చేశాం. మధ్యలో పుల్లలు పాతి తాడు కట్టాను. కుడి మడిలో సీసాలు గుమ్మరించి, వాటి బలానికి పెంట, కాస్త యూరియా కలిపాం. ఎడమ మడిని తాకొద్దని, రోజూ రెండింటికీ నీళ్ళు మాత్రం సమంగా పోయాలని అవ్వకు చెప్పాను. నీళ్ళు ఎవరు మోస్తారంటే, గోడ అవతల నుంచి నాన్న, "నేను పోస్తాలే" అన్నాడు. ఇన్నాళ్ళూ వింటూ నిలబడ్డాడన్నమాట. బురద పడని మనిషి పంచె ఎగ్గట్టి, రెండు చేతులా బకెట్లతో ఆ పెరట్లోకి వచ్చాడు. అవ్వ "జారుతది తమ్మీ, మెల్లగ" అంది. ఆయన "ఊఁ" అన్నాడు. నేను హైదరాబాదు వెళ్ళిపోయాక కూడా, తొలివాన పడి రెండు మడుల్లోనూ పుంటికూర గింజలు చల్లే దాకా, నీళ్ళు ఆయనే పోశాడు.

ఆగస్టులో వచ్చి, సంచి కూడా దించకుండా పెరట్లోకి పరిగెత్తాను. కుడి మడి మొలిచింది. దట్టంగా కాదు, పలచగా, అక్కడక్కడ పసుపు ఆకులతో, కానీ మొలిచింది. ఒక్క క్షణం సంతోషం పట్టలేకపోయాను. తర్వాత ఎడమ మడి చూశాను. అదీ మొలిచింది. కుడి దానికి ఏమాత్రం తీసిపోకుండా మొలిచింది. మధ్యలో నా తాడు లేదు, దాని మీద అవ్వ చీర ఆరేసి ఉంది, దండెం చేసుకుంది.

"ఎడమ దానికి ఏం చేశావ్ అవ్వా?"

"ఏం జెయ్యలే. నువ్వు పోయినంక నాలుగు గంపలు ఆ మడి మట్టి తెచ్చి ఈడ కలిపిన. జర పెంట ఏసిన."

"వద్దని చెప్పాను కదా."

"చెప్పినవ్."

"మరి?"

అవ్వ నన్ను వింతగా చూసింది, నేనే ఏదో మతిలేని మాట మాట్లాడినట్టు. "ఇద్దరు పిల్లలు పక్కపక్క కూసున్నంక ఒకనికి వెట్టి, ఇంకొకన్ని సూడుమంటవా? అదేం పద్ధతి? పంక్తిల వలపక్షం చెయ్యొద్దంటరు. మట్టయితేంది, మనిషయితేంది. పొద్దున లేస్తె ఆ ఎడమ మడి నా దిక్కే సూస్తుండె."

నేను అరిచాను. పోలికకు ఒకటి ఉండాలని, అది లేకపోతే ఏదీ రుజువు కాదని, నా చదువు మొత్తం గంగలో కలిసిందని అరిచాను. నేను పస్తు పెట్టింది మట్టిని అని గుర్తు చేశాను. అవ్వ శాంతంగా కలుపు తీస్తూ, "గదే చెప్తున్న, పస్తు వెడ్తరా" అంది. గోడ మీద నుంచి ఒక వింత శబ్దం వచ్చింది. చూస్తే నాన్న. గోడ పట్టుకుని, పిండి కనుబొమ్మల కింద కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వుతున్నాడు. ఆ గోడ దగ్గర నాన్న నవ్వు విని ఎన్ని ఏళ్ళయిందో. నా కోపం అక్కడికక్కడే సగం దిగిపోయింది.

"నవ్విన నాప చేనే పండుతుందమ్మా," అన్నాడు నవ్వాపుకుని.

"ఎవరూ నవ్వలేదు నాన్నా, నువ్వే నవ్వుతున్నావ్," అన్నాను.

సారు కూడా నవ్వారు గానీ తర్వాత నిజం చెప్పారు. రెండు మడులూ మొలిచాయంటే, అందులో నా జీవులు చేసింది ఎంత, మట్టి తిరగేసి గాలి తగలనివ్వడం చేసింది ఎంత, పెంట చేసింది ఎంత, ఎవరూ చెప్పలేరు. "పెరడు సంగతి తీసేయ్. ప్లేట్ల పని గట్టిగా ఉంది, దాన్నే రాయి" అన్నారు. అట్లాగే రాశాను. నా పరిశోధన కాగితాల్లో అవ్వ పెరడు ఎక్కడా లేదు.

అయితే ఆగస్టులోనే నాకు ఇంకో భయం పట్టుకుంది. మొలవడం వేరు, తినడం వేరు. మట్టిలోంచి నూనె ఆకులోకి ఎక్కి ఉంటే? ఇనుప ముక్కల అరుగుదల కూడా ఆ నూనెలో కలిసే ఉంటుంది. కొంచెం ఆకు, కొంచెం మట్టి కట్టుకుని, హైదరాబాదులో పరీక్ష చేయిస్తానని, నేను వచ్చి చెప్పే దాకా ఆ మడుల ఆకు తినొద్దని, అమ్మొద్దని అవ్వకు గట్టిగా చెప్పాను. ఈసారి చేతిలో చెయ్యి వేయించుకున్నాను. "ఒక్కరికి గూడ అమ్మ" అంది అవ్వ. నేను సంతోషించాను.

పరీక్ష చేసేచోట యంత్రం పాడైంది, బాగైంది, మళ్ళీ పాడైంది. ఫలితం నా చేతికి వచ్చేసరికి దసరా వచ్చింది. ఆకులో నూనె జాడ లేదు. మట్టిలో ఇంకా ఉంది గానీ బాగా తగ్గింది. ఆ కాగితం జాకెట్టులో పెట్టుకుని బస్సెక్కాను, ఈసారి కండక్టరు ఏమీ అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి నాన్న గిర్ని ముందు జల్లెడ పడుతున్నాడు. "అక్క మడులు ఏపుగా ఉన్నాయి. నీ కబురు కోసమే చూస్తున్నాం. తినొచ్చా?" అని అడిగాడు. గొంతులో అంత ఆత్రం ఎప్పుడూ వినలేదు. ఆకు కోసం కాదు అది. ఆ ఆకు తినదగినదైతే తను చేసిన చెడుపు తీరినట్టు, కాకపోతే తీరనట్టు. ఇన్నాళ్ళూ ఆయన మోసింది అదే. తినొచ్చు అని చెప్పబోయేలోపే గోడ మీద ఒక కట్ట కనిపించింది. పెద్ద కట్ట. దాని వెనక అవ్వ తల.

"తమ్మీ, ఇగ తిను. ఏం గాదు."

నాకు అర్థం కాలేదు. కాగితం ఇంకా తీయనే లేదు. "ఏం కాదని నీకెట్లా తెలుసు అవ్వా?"

"నేను తిన్న గద."

"ఎప్పుడు?"

"నువ్వు పోయినంక. రోజు పప్పుల ఏసుకున్న. కడుపుల నొప్పి లేదు, వాంతి లేదు, ఒంటి మీద పొక్కు లేదు. మంచిగున్న. నువ్వు అమ్మొద్దన్నవ్, అమ్మలే." తర్వాత, తప్పు చేసి పట్టుబడిన పిల్లలాగా గొంతు తగ్గించి, "మీ నాయన దినాం గోడ కాడ నిలవడి ఆ మడులనే సూస్తుండు బిడ్డా. నీ మిషిని ఎప్పుడు చెప్తదో ఏమో. మీ ఇంట్ల పిల్లలున్నరు. నాకెవరున్నరు" అంది.

నాన్న చేతిలో జల్లెడ ఆగిపోయింది. నాకు కోపం, భయం, ఏడుపు అన్నీ ఒకేసారి వచ్చాయి. ముందు కోపమే బయటికి వచ్చింది, నా సంగతి తెలిసిందే. "రెండు మడులకు వలపక్షం కూడదని నా ప్రయోగం పాడు చేశావ్ కదా. మరి నువ్వొక్కదానివే ముందు కూర్చుని తిన్నావే, అప్పుడు పంక్తి గుర్తుకు రాలేదా?"

అవ్వ నవ్వింది. "వండినోల్లు ఉప్పు సూస్తరు గద బిడ్డా. గది పంక్తి లెక్కకు రాదు."

నేను జాకెట్టులోంచి కాగితం తీసి, ఆకులో నూనె లేదని, ఇక అమ్ముకోవచ్చని చెప్పాను.

నాన్న లేచి వెళ్ళి, పిండి చేతులతోనే ఆ కట్ట అందుకున్నాడు. అవ్వ, "కడిగి వండుమను మరదల్ని, మన్నున్నది" అని చెప్పి, గంప ఎత్తుకుని వీధిలోకి వెళ్ళింది.